మన ఒంట్లో సర్క్యులర్లు జారీ చేసేదెవరు?

"నాకు థైరాయిడ్ ఉందండీ", "మా ఆయనకు షుగర్ ఉంది" – ఈ రెండు మాటలు వినపడని ఇల్లు మన సిబ్బంది కుటుంబాల్లో తక్కువే. నిజానికి థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటుంది. షుగర్ కూడా అందరి రక్తంలోనూ ఉంటుంది, లేకపోతే ఒక్క పూట కూడా బతకలేం. ఉండవలసినవి ఉండవలసినంత ఉండకపోవడమే జబ్బు. ఆ "ఉండవలసినంత" అనే లెక్క రాత్రింబగళ్లు చూసుకునేవి మన ఒంట్లోని వినాళ గ్రంథులు, అవి తయారుచేసే హార్మోన్లు.

నేను డాక్టర్ని కాను. కామర్స్ చదివి, ఆపైన ఎం.బి.ఎ. చేసి, ఇరవై ఏళ్లుగా బ్యాంకు లెక్కల మధ్య ఉన్నవాణ్ణి. మా ఇంట్లో అమ్మకు షుగర్, శ్రీమతికి థైరాయిడ్. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులు చదివి, డాక్టరుగారిని అడగవలసినవి కాగితం మీద రాసి పెట్టుకునే పని నాది. అలా అడుగుతూ, చదువుతూ ఉంటే ఈ వ్యవస్థ మనకు బాగా తెలిసినదేననిపించింది. ప్రధాన కార్యాలయం, ప్రాంతీయ కార్యాలయం, సర్క్యులర్, రిమైండర్, క్యాష్ లిమిట్, కరెన్సీ చెస్ట్ – ఈ మాటలు రోజూ వినపడే ఇళ్లలో హార్మోన్ల సంగతి చెప్పడం పెద్ద కష్టం కాదు.

గొట్టం లేని గ్రంథులు

చెమట గ్రంథులు, లాలాజల గ్రంథులు తాము తయారుచేసిన ద్రవాన్ని సన్నని గొట్టాల ద్వారా బయటికి పంపుతాయి. థైరాయిడ్ వంటి వాటికి ఆ గొట్టం, అంటే నాళం, ఉండదు. అందుకే వాటిని వినాళ గ్రంథులన్నారు. అవి తమ సరుకును నేరుగా రక్తంలో కలిపేస్తాయి. రక్తం సుమారు ఒక నిమిషంలో ఒళ్లంతా చుట్టి వస్తుంది కాబట్టి ఆ సందేశం ప్రతి కణం గుమ్మం దాకా వెళుతుంది.

మరి ప్రతి కణమూ ఎందుకు స్పందించదు? విదేశీ మారకం గురించిన సర్క్యులర్ అన్ని శాఖలకూ వస్తుంది. ఆ వ్యాపారం చేసే శాఖలే దాన్ని అమలు చేస్తాయి, మిగతావి ఫైల్లో పెడతాయి. అలాగే ఏ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం ఏ కణం మీద ఉంటే ఆ కణమే దానికి పని చేస్తుంది.

శరీరంలో కబుర్లన్నీ నరాల ద్వారానే వెళతాయని ఒకప్పుడు అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి నరాల సంబంధం తెంచేసి, అందులో ఆమ్లం వేసి చూశారు. నరాలు లేకపోయినా క్లోమం, అంటే పాంక్రియాస్, జీర్ణరసాన్ని విడుదల చేసింది. కబురు రక్తంలో వెళ్లిందన్నమాట. ఆ కబురు మోసిన పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి 1905లో స్టార్లింగ్ వాడిన మాట "హార్మోన్". ఉత్తేజపరచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి అది పుట్టింది.

నరం కబురు ఫోన్ కాల్ లాంటిది. క్షణంలో చేరుతుంది, క్షణంలో ముగుస్తుంది. హార్మోన్ కబురు సర్క్యులర్ లాంటిది. కాస్త నెమ్మది, కాని చాలా చోట్ల ఒకేసారి, చాలాసేపు పనిచేస్తుంది.

పై కార్యాలయాలు

మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథలామస్ మన ప్రధాన కార్యాలయం. ఒంటి వేడి, దాహం, ఆకలి, నిద్ర, భయం – అన్నిటి సమాచారమూ అక్కడికి చేరుతుంది. దాని కిందనే బఠాణీ గింజంత, అర గ్రాము బరువుండే పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి, ప్రాంతీయ కార్యాలయం. ఇది థైరాయిడ్‌కు ఒక ఉత్తర్వు, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకు ఒక ఉత్తర్వు, అండాశయాలకూ వృషణాలకూ ఒక ఉత్తర్వు పంపుతుంది. పిల్లల ఎదుగుదలకు కావలసిన గ్రోత్ హార్మోన్‌ను, తల్లికి పాలు పడేందుకు కావలసిన ప్రొలాక్టిన్‌ను స్వయంగా తయారు చేస్తుంది.

ఉత్తర్వు ఇవ్వడంతో సరిపోదు, అమలు ఎంతవరకు వచ్చిందో చూడాలి. మన రిజర్వు బ్యాంకు ధరల పెరుగుదలకు 4 శాతం లక్ష్యం పెట్టుకుని, 2 నుంచి 6 శాతం మధ్య ఉంచాలని చూస్తుంది. ధరలు మరీ పెరుగుతుంటే రెపో రేటు పెంచుతుంది, మందగిస్తే తగ్గిస్తుంది. శరీరం చాలా హార్మోన్ల విషయంలో ఇదే పద్ధతి పాటిస్తుంది. రక్తంలో హార్మోన్ తగినంత చేరగానే పైవాళ్లు ఉత్తర్వులు తగ్గిస్తారు. తగ్గితే మళ్లీ పెంచుతారు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే రిపోర్టుల్లో సగం అర్థమవుతుంది.

రిమైండర్లు పెరిగాయంటే పని జరగట్లేదని

థైరాయిడ్ గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. ఒంట్లో ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో దాని హార్మోన్లు నిర్ణయిస్తాయి. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, జుట్టు, చర్మం, మనసులోని హుషారు – అన్నిటి మీదా దాని ప్రభావం ఉంటుంది.

రిపోర్టులో కనిపించే టి.ఎస్.హెచ్. మాత్రం థైరాయిడ్ తయారుచేసేది కాదు. అది పిట్యూటరీ థైరాయిడ్‌కు పంపే ఉత్తర్వు. చాలామంది "టి.ఎస్.హెచ్. 12 వచ్చింది, థైరాయిడ్ బాగా ఎక్కువైపోయింది" అంటుంటారు. సంగతి దానికి పూర్తిగా తలకిందులు. ఒక శాఖ స్టేట్‌మెంట్లు పంపకపోతే ప్రాంతీయ కార్యాలయం నుంచి మొదటి రిమైండర్, రెండో రిమైండర్, ఆపైన ఘాటైన లేఖ వస్తాయి. రిమైండర్లు ఎన్ని పెరిగితే శాఖలో పని అంత వెనకబడిందని అర్థం. టి.ఎస్.హెచ్. బాగా పెరిగిందంటే థైరాయిడ్ మందగించింది, దాన్ని కదిలించడానికి పిట్యూటరీ కేకలు వేస్తోందన్నమాట. టి.ఎస్.హెచ్. బాగా తగ్గిపోయి ఉంటే సాధారణంగా థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని, ఇక చెప్పాల్సిన పని లేదని పైవాళ్లు ఊరుకున్నారని అర్థం.

మా బంధువుల్లో ఒక కోడలు కాన్పయిన కొన్ని నెలలకు మనిషే మారిపోయింది. పొద్దున లేవలేదు, పది మాటలకు ఒక మాట పలుకుతుంది, తినేది కొంచెమే అయినా ఒళ్లు చేసింది, మే నెలలో కూడా ఫ్యాను వద్దంటుంది. "పుట్టింటికి వెళ్లి బద్ధకం నేర్చుకొచ్చింది" అని ఇంట్లో పెద్దలు. "ఇదివరకు ఇలా ఉండేది కాదు" అని భర్త. ఆ అమ్మాయి తనలో తనే కుమిలిపోయింది. జుట్టు రాలుతోందని చూపించుకోవడానికి వెళితే చర్మవ్యాధుల డాక్టరు రక్తపరీక్ష రాశారు. టి.ఎస్.హెచ్. ఉండవలసిన దానికి ఎన్నో రెట్లుంది. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు పాత మనిషి తిరిగొచ్చింది. నెలల తరబడి ఆమె స్వభావం మీద ఇంటిల్లిపాదీ ఇచ్చిన తీర్పు ఒక్క రక్తపరీక్షతో కొట్టుడుపోయింది. కాన్పు తర్వాత మొదటి ఏడాదిలో థైరాయిడ్ తడబడటం అరుదేమీ కాదు. ఆ మాట ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా ఆమెకు అన్ని మాటలు పడే బాధ తప్పేది.

మాత్ర గురించి నాలుగు మాటలు. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాకే. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. మోతాదు మార్చాక మళ్లీ పరీక్ష సుమారు 6 వారాలకు చేయిస్తారు, ఎందుకంటే ఈ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే 7 రోజుల దాకా పడుతుంది, కొత్త మట్టం నిలకడకు రావడానికి అంత సమయం కావాలి. గర్భం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు పెరిగేది తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడి. పుట్టిన బిడ్డకు మడమ దగ్గర సూదితో గుచ్చి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపాన్ని మొదటి రోజుల్లోనే పట్టుకోవచ్చు. అప్పుడే మందు మొదలుపెడితే బిడ్డ తెలివితేటలకు ఢోకా ఉండదు. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. ఆస్పత్రిలో ఈ పరీక్ష చేశారా అని అడగడం తాతయ్యలూ అమ్మమ్మలూ కూడా చేయగలిగిన పని.

ఉప్పు ప్యాకెట్ వెనక శ్రీకాకుళం బిడ్డ

థైరాయిడ్ హార్మోన్‌కు ముడిసరుకు అయోడిన్. పెద్దలకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. జీవితమంతటికీ కలిపినా దాదాపు ఒక చెంచాడు. కాని హిమాలయ ప్రాంతాల్లో వానలూ మంచూ నేలలోని అయోడిన్‌ను కడిగేశాయి. నేలలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది మనిషికి రాదు. సరుకు లేని ఫ్యాక్టరీకి రిమైండర్ల మీద రిమైండర్లు వెళితే ఏమవుతుంది? పాపం, థైరాయిడ్ తన సైజు పెంచుకుంటూ పోతుంది. మెడ దగ్గర వేలాడే గలగండం అదే. అది పైకి కనిపించే కష్టం మాత్రమే. లోపం తీవ్రంగా ఉన్న చోట పిల్లలు బుద్ధిమాంద్యంతో, చెవుడుతో పుట్టేవారు.

దీనికి విరుగుడు మన దేశంలో నిరూపించిన వారిలో ముఖ్యులు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 1956లో ఆయన బృందం హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల గలగండం గణనీయంగా తగ్గింది. 1962లో దేశవ్యాప్తంగా గలగండం నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మన వంటింట్లోని ప్యాకెట్ మీద "అయోడైజ్డ్" అనే మాట వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు ఆరోగ్యం పేరుతో మామూలు ఉప్పు పూర్తిగా మాని సైంధవ లవణం వాడేవారు పెరుగుతున్నారు. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినట్టు రాసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఉప్పు డబ్బాకు మూత పెట్టండి, తడి చెంచా పెట్టకండి.

చెస్ట్ నుంచి శాఖకు, శాఖ నుంచి చెస్ట్‌కు

శాఖలో రాత్రికి ఉంచుకోదగ్గ నగదుకు ఒక పరిమితి ఉంటుంది. ఎక్కువైతే కరెన్సీ చెస్ట్‌కు పంపుతాం, తక్కువైతే తెప్పించుకుంటాం. రక్తంలో చక్కెర కథ అచ్చంగా ఇదే.

పరగడుపున రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండాలి. ఒంట్లో ఉన్న సుమారు 5 లీటర్ల రక్తానికి లెక్క కడితే మొత్తం 5 గ్రాములకు మించదు – ఒక చిన్న చెంచాడు. కాని మనం మధ్యాహ్నం తినే ఒక్క పళ్లెం అన్నం నుంచే అంతకు పది పదిహేను రెట్ల చక్కెర రక్తంలోకి వస్తుంది. అప్పుడు క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ విడుదల చేస్తాయి. కండరాలు, కొవ్వు కణాలు తలుపులు తెరిచి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. మిగిలింది కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో జమ అవుతుంది. కాలేయమే మన కరెన్సీ చెస్ట్. రాత్రి నిద్రలో తిండి లేకపోయినా మెదడుకు చక్కెర కావాలి. అప్పుడు అదే క్లోమంలోని ఆల్ఫా కణాలు గ్లూకగాన్ పంపి చెస్ట్ తెరిపిస్తాయి.

మొదటి రకం మధుమేహంలో బీటా కణాలే నాశనమవుతాయి. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువతలో వస్తుంది. బిడ్డ ఉన్నట్టుండి తెగ నీళ్లు తాగుతూ, మాటిమాటికి మూత్రానికి వెళుతూ, చిక్కిపోతుంటే ఆ రోజే షుగర్ చూపించాలి, వారం ఆగకూడదు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేసేదాకా ఇలాంటి పిల్లలను బతికించే దారి లేదు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి తొలిసారి ఇచ్చారు. మొదటి ఇంజెక్షన్ అంతగా పనిచేయలేదు. కాలిప్ దాన్ని శుద్ధి చేశాక ఇచ్చిన మందుతో కుర్రవాడు కోలుకున్నాడు. పేటెంటు హక్కును వాళ్లు విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకు రాసిచ్చారు.

రెండో రకంలో ఇన్సులిన్ ఉంటుంది, కణాలు దాని మాట వినవు. సర్క్యులర్లు గుట్టగా పడి ఉన్నా ఎవరూ తెరవని శాఖలాంటిది. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. ఆ కొన్నేళ్లూ మనకు ఏ బాధా తెలియదు. చివరికి అలసిపోతుంది. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది ముందస్తు హెచ్చరిక. 126, 6.5 లేదా అంతకు మించి ఉంటే మధుమేహం కింద లెక్క. రుణాల భాషలో చెప్పాలంటే మొదటిది వాయిదా మీరిన ఖాతా, ఇంకా ఎన్‌పీఏ కాలేదు. కదలవలసిన సమయం అదే.

రోజంతా కుర్చీలో ఉండే మనకు ఒక మంచి వార్త ఉంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండా కూడా చక్కెరను తీసుకోగలదు. అందుకే భోజనమయ్యాక పది పదిహేను నిమిషాల నడకకు అంత విలువ. ఇంట్లో షుగర్ మందులు వాడేవారికి చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే, పరీక్షలో 70 కంటే తక్కువ వస్తే, మింగగల స్థితిలో ఉన్నప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇన్‌స్పెక్షన్ హార్మోన్లు

ఇన్‌స్పెక్టర్లు శాఖలో అడుగుపెట్టగానే గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది, ఎక్కడలేని చురుకు వస్తుంది. అది ఎడ్రినల్ గ్రంథుల మధ్యభాగం నుంచి వచ్చే ఎడ్రినలిన్. పై పొర నుంచి వచ్చే కార్టిసాల్ మరింత నిదానంగా పనిచేస్తుంది. తెల్లవారుజామున పెరిగి, మనల్ని లేపి, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. ఒత్తిడిలో చక్కెరను, రక్తపోటును పెంచి నిలబెడుతుంది. మార్చి నెలాఖరు ఒక్కటైతే శరీరం తట్టుకుంటుంది. పన్నెండు నెలలూ మార్చి నెలాఖరే అయితే ఆ పెరిగిన చక్కెర, రక్తపోటు, కరువైన నిద్ర బాకీలై కూర్చుంటాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కార్టిసాల్‌ను పోలిన మందులే స్టిరాయిడ్లు. ఉబ్బసం, కీళ్లవాతం వంటి ఎన్నో జబ్బుల్లో డాక్టర్ల చేతిలో అవి ప్రాణదాతలు. పేరు లేని పొట్లాల్లో, "ఒక్క సూదితో నొప్పులు మాయం" అనేవారి చేతిలో అవే ప్రమాదం. ఒక శాఖ పనంతా బయటి ఏజెన్సీ చేసిపెడుతుంటే సొంత సిబ్బంది పని మరిచిపోతారు. బయటి నుంచి స్టిరాయిడ్ రోజూ వస్తుంటే పిట్యూటరీ ఉత్తర్వులు ఆపేస్తుంది, ఎడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. ఒక రోజు మందు ఠక్కున మానేస్తే సొంత కార్టిసాల్ ఉండదు. వాంతులు, రక్తపోటు పడిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. అందుకే కొన్ని వారాలకు మించి వాడిన స్టిరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగా తగ్గించాలి. ఊళ్లో ఉన్న మీ పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులకు పేరులేని పొడి వాడుతుంటే, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే, పొడి లాక్కుని పారేయకండి. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

వయసుతో వచ్చే మార్పులు

గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. మెదడులోని పీనియల్ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్ విడుదల చేసి నిద్రవేళయిందని ఒంటికి చెబుతుంది. కంటి ముందు ఫోను వెలుగుతుంటే ఆ చీకటి కబురు ఆలస్యమవుతుంది. పిల్లల్ని త్వరగా పడుకోబెట్టాలన్న పెద్దల మాటలో ఈ లెక్కంతా ఉంది.

ఆడపిల్లల్లో 8 ఏళ్ల లోపు, మగపిల్లల్లో 9 ఏళ్ల లోపు యౌవన లక్షణాలు కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఎదిగిన అమ్మాయికి నెలసరి వరుసగా 35 రోజులు దాటి వస్తూ, మొటిమలు, ముఖం మీద రోమాలు పెరుగుతుంటే అది పీసీఓఎస్ కావచ్చు. చాలామందిలో దీని వెనక కూడా ఇన్సులిన్ మాట వినని కణాలే ఉంటాయి. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే సలహా దానికి మందు కాదు.

45 నుంచి 55 ఏళ్ల మధ్య స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి, ఎముకల గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. థైరాయిడ్ వెనక గోధుమగింజలంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాస్తాయి. తిండిలో కాల్షియం, ఎండ నుంచి విటమిన్ డి అందకపోతే అవి ఎముకల ఖాతా నుంచి విత్‌డ్రా చేస్తాయి. అందుకే పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, కాసేపు ఎండ, కాసేపు నడక.

ఫైల్లో పెట్టుకోవలసిన నాలుగు మాటలు

ఇంట్లో ప్రతి ఒక్కరి పేరున ఒక ఫైలు పెట్టండి. ఒక్క రిపోర్టు కంటే మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన చూస్తే ఎక్కువ తెలుస్తుంది, బ్యాలెన్స్ షీటు లాగే. 30 దాటిన వారు, ముఖ్యంగా తల్లిదండ్రుల్లో షుగర్ ఉన్నవారు, డాక్టరు సలహాతో షుగర్ పరీక్ష చేయించుకుంటూ ఉండండి. బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లినప్పుడు గ్యాస్ కనెక్షన్‌తో పాటు మందుల చీటీలూ పాత రిపోర్టులూ చేతిసంచిలో పెట్టుకోండి, లారీలో వేయకండి. డాక్టరు రాసిన హార్మోన్ మందు ఏదైనా ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి, ఎవరో చెప్పారని మానకండి.

చివరిగా, ఇంట్లో ఒకరు నెలల తరబడి నీరసంగా ఉంటే, ఊరికే కోపం తెచ్చుకుంటే, తిండీ నిద్రా బరువూ తారుమారైతే, "మనిషి మారిపోయాడు", "బద్ధకం పెరిగింది" అనే ముందు ఒకసారి రక్తపరీక్షకు తీసుకెళ్లండి. తప్పు ఆ మనిషిదో, బఠాణీ గింజంత గ్రంథిదో తేల్చుకోవడానికి ఒక సీసాడు రక్తం చాలు.